నాన్సీని అమ్మే హక్కు ఎవరికుంది? – ఒక కొత్త కథకురాలికి లేఖ

అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది. బానిస నాన్సీ వంటింటి గోడలు చక్కగానే రాశావు గానీ, తొమ్మిదో పేజీలో నాకు ఒళ్లు మండింది. 1826, వర్జీనియా. దొర పోయిన మూడో రోజున పెద్దకొడుకు నాన్సీని సంతకు ఈడ్చుకెళ్లి అమ్మేశాడన్నావు. ఏ హక్కుతో అమ్మాడమ్మా? వీలునామా కోర్టులో రుజువు కాలేదు. వీలునామా అమలుచేసే ఎగ్జిక్యూటర్ పూచీకత్తు రాసివ్వలేదు. ఆస్తికి విలువ కట్టలేదు. అప్పటికి నాన్సీ ఆ కొడుకు సొత్తు కాదు, ఇంకా చచ్చినవాడి ఆస్తిలోనే ఉంది. అసలు కథంతా ఆ సందులోనే ఉంది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

జరిగే వరస చెబుతాను. కౌంటీ కోర్టు నెలకోసారి కూర్చుంటుంది. వీలునామా ఉంటే సాక్షులొచ్చి ప్రమాణం చేస్తారు, లేకపోతే కోర్టే ఒక అడ్మినిస్ట్రేటర్‌ను నియమిస్తుంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఆసాముల్లో ముగ్గురినో నలుగురినో విలువ కట్టమని పంపుతుంది. వాళ్లు ఇల్లు, కొట్టం, గుడిసెలు అన్నీ తిరిగి జాబితా రాస్తారు. వాళ్లెవరో కొత్తవాళ్లు కారు. నాన్సీ చేతి వంట తిన్నవాళ్లే అయ్యుంటారు. వేలంపాట కన్నా ఈ రోజు రాయడం కష్టం. అందుకే రాయమంటున్నాను.

జాబితా ఎలా ఉంటుందో చూడు. వయసులో ఉన్న మగవాడికి పెద్ద ధర, కమ్మరమో వడ్రంగమో వస్తే ఇంకా పెద్దది. ఈడొచ్చిన పిల్లకు ఆమె కనబోయే బిడ్డలనూ లెక్కలోకి తీసుకునే ధర కడతారు, ఎందుకంటే 1662 నుంచి వర్జీనియాలో బిడ్డ తల్లి వెంటే బానిస. చంటిబిడ్డ తల్లితో కలిపి ఒకే వరుసలో, ఒకే ధరకు, చాలాసార్లు పేరు కూడా లేకుండా ఉంటుంది. ముసలివాళ్ల ఎదురుగా సున్నా. కింది వరుసల్లో ఎద్దులు, పరుపులు, ఇనప కుండలు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జెఫర్సన్ పోయాక ఆస్తికి విలువ కట్టినప్పుడు, ఆయన ఇంటి బానిస సాలీ హెమింగ్స్‌కు యాభై డాలర్లు వేశారు. నీ కథలో ఒక్క ధర కూడా లేదు. నాన్సీ ధర ఎంతో, పక్క వరుసలో ఆవు ధర ఎంతో రాయకుండా ‘మనిషిని పశువులా చూశారు’ అంటే ఎవరు నమ్ముతారు?

‘అంకెలు తీసేయండి, కాస్త కన్నీళ్లు పెట్టండి’ అని కథ తిప్పి పంపే సంపాదకులు నీకూ తగులుతారు. బానిసల కథంటే కొరడా దెబ్బతో మొదలవాలనుకునే రకం. వాళ్ల మాట వినకు. కొరడా అందరూ రాసేశారు. కూడిక, తీసివేత ఎవరూ రాయలేదు.

ఇక అప్పులు. వీలునామాలో దొర ఎంత దయ ఒలకబోసినా ముందు అప్పులవాళ్లు, తర్వాతే వారసులు. జెఫర్సన్ పోయేనాటికి అప్పు లక్షా ఏడు వేల డాలర్లకు పైమాటే. వీలునామాలో అయిదుగురికి స్వేచ్ఛ ఇచ్చాడు. వాళ్లలో కమ్మరి జో ఫాసెట్‌కు అది అమల్లోకి వచ్చేది 1827 జులైలో. ఆ జనవరిలోనే జెఫర్సన్ ఎస్టేట్ మాంటిసెల్లోలో వేలం జరిగింది, ప్రకటనలో 130 మంది బానిసలు. జో భార్య ఈడిత్, పిల్లలు వేర్వేరు చేతుల్లో పడ్డారు. ఇంకో ఆరు నెలల్లో స్వేచ్ఛ రాబోతున్నవాడు నిలబడి ఆ వేలంపాట విన్నాడనుకో. దానికి నువ్వు విశేషణాలు చేర్చాల్సిన పని లేదు.

నీ కథలో దొర భార్య ‘నాన్సీని విడిచిపెట్టేస్తాను’ అంటుంది. అలా అనే హక్కు ఆమెకు లేదు. వీలునామా లేకుండా పోయిన భర్త భూమిలో, బానిసల్లో వితంతువుకు దక్కేది మూడో వంతు, అదీ బతికున్నన్నాళ్లే. ఆ బానిసలను ఆమె శాశ్వతంగా అమ్మలేదు, స్వేచ్ఛ ఇవ్వలేదు. ఆమె పోగానే వాళ్లు ఆ భర్త వారసులకు వెళ్లిపోతారు. 1799లో జార్జ్ వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలుంటే వాళ్లలో 153 మంది ఆయన భార్య మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తి. వాషింగ్టన్ తన వాళ్లను, భార్య వాటా వాళ్లను వేర్వేరు వరసల్లో రాసి, ఎవరి జోడీ ఎక్కడుందో పక్కన గుర్తు పెట్టాడు. తన వాళ్లకు మాత్రమే విడుదల రాయగలిగాడు. 1801 జనవరి 1న భర్త స్వేచ్ఛగా బయటికొచ్చిన ఇళ్లలో, భార్య కస్టిస్ వాటా అయితే ఆమే కాదు, పిల్లలూ బానిసలుగానే మిగిలారు. 1802లో మార్తా పోయాక వాళ్లను నలుగురు మనవలు పంచుకున్నారు.

పంపకం దగ్గర ఇంకొంచెం ఆగు. కోర్టు నియమించిన కమిషనర్లు మనుషులను వాటాలుగా కడతారు. వాటాల ధరలు సరితూగాలి. చిన్న తేడా అయితే ఎక్కువ వచ్చినవాడు డబ్బు కట్టి సరిచేస్తాడు. పెద్ద తేడా అయితే ఎనిమిదేళ్ల పిల్లాణ్ని ఒక వాటాలోంచి ఇంకో వాటాలోకి జరపడమే సులువు. కోపం లేదు, క్రౌర్యం లేదు, లెక్క కుదిరింది, అంతే. వారసులు మైనర్లయితే గార్డియన్ బానిసలను కొత్త సంవత్సరం నుంచి క్రిస్మస్ దాకా కిరాయికిచ్చి, ఆ డబ్బుతో పిల్లలను చదివిస్తాడు. ఆ ఫీజుల లెక్కలూ కోర్టు పుస్తకాల్లోనే దొరుకుతాయి.

నువ్వు ఉండేది ఫెయిర్‌ఫాక్స్‌లోనే కదా. వాషింగ్టన్ వీలునామా రుజువైంది ఆ కౌంటీ కోర్టులోనే. వీలునామాల పుస్తకాల సూచికలో నాన్సీ దొరకదు, చచ్చిన దొర పేరే ఉంటుంది. ఆ పేరుతో మొదట వీలునామా, తర్వాత విలువల జాబితా, అమ్మకాల లెక్క, పంపకం, ఎగ్జిక్యూటర్ ఖర్చుల లెక్క తీయి. వీలునామా రాసిన తేదీ, రుజువైన తేదీ, జాబితా తేదీ వేర్వేరు, కలిపేయకు. 1850, 1860 జనాభా లెక్కల బానిసల పట్టికలో దొర పేరు కింద వయసు, ఆడ మగ, రంగు తప్ప సాధారణంగా పేర్లుండవు. నాన్సీ పేరు బతికేది ఈ ఆస్తి కాగితాల్లోనే. బానిసత్వం నుంచి తప్పించుకుని తన కథ రాసిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు తను పుట్టిన రోజు తెలియదు. దొర ఏరన్ ఆంథనీ ఖాతా పుస్తకంలో మాత్రం 1818 ఫిబ్రవరి అని ఉంది.

టైటిల్ గురించి, పోటీ గురించి అడిగినవి తర్వాత చూద్దాం. ముందు తొమ్మిదో పేజీ నుంచి తిరగరాయి. కొడుకును కోర్టు మెట్ల మీద నెల తిరిగేదాకా కూర్చోబెట్టు. ఈసారి కాగితానికి ఒకవైపే రాసి, ఎడమ పక్కన బాగా జాగా వదిలి పంపు.