కుర్చీ దాకా వచ్చే అడుగులు

ప్రశ్న: మా అత్తగారికి కూచిపూడి అంటే ప్రాణం. గ్లాకోమాతో చూపు పూర్తిగా పోయాక ప్రోగ్రాములకు రావడం మానేశారు. "పాట ఇంట్లో కూర్చుని కూడా వింటాను కదమ్మా" అంటారు. ఒంటికి వైబ్రేషన్ తెలిసేలా చేసే జాకెట్లు వచ్చాయట, కొంటే ఆవిడకు డ్యాన్స్ తెలుస్తుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడి కొనకండి. అలాంటివి ఎక్కువగా వినికిడి లేనివాళ్ల కోసం చేసినవి. 2018లో లాస్ వేగస్‌లో ఒక రాక్ కచేరీకి నాట్ ఇంపాజిబుల్ ల్యాబ్స్ అనే సంస్థ వాళ్లు జాకెట్లు, మణికట్టుకూ చీలమండకూ పట్టీలు ఇచ్చి సంగీతాన్ని ఒంటికి అందించారు. మీ అత్తగారికి చెవులు బాగానే ఉన్నాయిగా, మృదంగాన్ని మళ్లీ వీపు మీద వాయిస్తే ఏం లాభం? ఆవిడకు కావలసింది డ్యాన్సర్ ఎటు కదులుతోంది, పాదం కొట్టిందా, జారిందా అన్నది.

దానికి స్టేజీ చెక్కల అడుగున ఎడమ, కుడి పక్కల కాంటాక్ట్ మైకులు అంటించి (ఇవి చెక్క అదురునే పట్టుకుంటాయి), ఆ సిగ్నల్‌ను యాంప్లిఫయర్ గుండా కుర్చీ చేతులకు బిగించిన చిన్న వైబ్రేటర్లకు పంపవచ్చు. కుడివైపు పడ్డ అడుగు కుడిచేతి కింద తెలుస్తుంది. కూచిపూడిలో తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి కదిలేటప్పుడు పళ్లెం నేలను రాసుకునే గరగర ఉంటుంది చూశారూ, పాట హోరులో వెనక సీట్లకు అది వినపడదు, చెక్కలోంచి మాత్రం పట్టుకోవచ్చు. గజ్జెల సంగతి వేరు. చర్మం 250 హెర్ట్జ్ (అంటే సెకనుకు 250 అదురులు) దగ్గర బాగా పసిగడుతుంది, 1000 దాటితే దాదాపు ఏమీ తెలియదు, గజ్జెల గలగల చాలావరకు ఆ పైనే కాబట్టి దాన్ని చెవికే వదిలేయాలి. వైర్లే వాడాలి, బ్లూటూత్ పెడితే అడుగు ఆలస్యంగా తగిలి తాళం తప్పినట్టుంటుంది. సిమెంటు స్టేజీ అయితే ఇదంతా దండగ.

ఇక అభినయం. సత్యభామ జడ విసురు వైబ్రేషన్‌లో ఎలా వస్తుంది చెప్పండి? విదేశాల్లో కొన్ని థియేటర్లు షోకు ముందు చూపులేని ప్రేక్షకులను స్టేజీ మీదకు తీసుకెళ్లి దుస్తులు, వస్తువులు తాకనిస్తాయి, టచ్ టూర్ అంటారు. మీ ఊళ్లో నాట్యగురువు ఎవరినైనా ప్రోగ్రాముకు ముందు ఓ అరగంట అడగండి. జడ, పళ్లెం తాకించి, ఆ రోజు పాటలో వచ్చే హస్తాలు (చేతి ముద్రలు) రెండు మూడు ఆవిడ చేతిలో పట్టిస్తే చాలు, పాత రసికురాలు కదా, మిగతాది ఆవిడే చూసుకుంటారు. సీటు ముందు వరసలో అడగండి, స్పీకర్ బాక్సుల పక్కన మాత్రం వద్దు, ఆ దద్దరిల్లుడులో అడుగు ఊసే తెలియదు.