మార్పులు చేయించిన ఏటీవీని ఎంతకు అమ్ముకోవచ్చు?

ప్రశ్న: వజ్రపుకొత్తూరు మండలంలో మాకు జీడితోట, దాన్ని ఆనుకొని కొంత కొబ్బరి ఉన్నాయి. ఇసుకలో బైకు కూరుకుపోతోందని రెండేళ్ల ఎనిమిది నెలల కిందట 4,20,000 రూపాయలకు కొత్త ఏటీవీ (ఇసుకలో, మట్టిలో నడిచే నాలుగు చక్రాల బండి) కొన్నాను. తరువాత 25 అంగుళాల టైర్లు మార్చి 27 అంగుళాలవి వేయించి, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, ముందు వించ్ (తాడు చుట్టి బరువులు లాగే యంత్రం), పెద్ద శబ్దం వచ్చే సైలెన్సర్ పెట్టించాను. వీటికి మరో 1,60,000 అయింది. ఇప్పుడు అమ్ముదామంటే భీమిలి నుంచి వచ్చిన ఒకాయన 2,75,000కు మించి ఇవ్వనన్నారు. 5,80,000 పెట్టిన బండికి ఇది అన్యాయం కాదా?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీకు కష్టంగా తోచవచ్చు గాని, ఆయన చెప్పిన ధర అన్యాయమైనది కాదు. మోటారు బీమాలో వాహనం విలువ కట్టేటప్పుడు రెండేళ్లు దాటి మూడేళ్లలోపున్న బండికి 30 శాతం తరుగుదల తీస్తారు. ఆ పట్టిక మీ బండి కోసం రాసింది కాకపోయినా, కొలబద్దగా పనికొస్తుంది. 4,20,000లో 30 శాతం తీస్తే 2,94,000 మిగులుతుంది. అంటే ఆయన కొట్టేసింది మీ బండి ధరను కాదు, మీరు చేయించిన మార్పుల ధరను. సెకండ్ హ్యాండ్ బేరంలో ఎక్కడైనా జరిగేది ఇదే.

ఎందుకు కొట్టేస్తారంటే, ఎరిగిన కొనుగోలుదారుకు పెద్ద టైర్లు అలంకారంగా కాక అనుమానంగా కనిపిస్తాయి. చాలా ఏటీవీలలో ఇంజను బలం రెండు పుల్లీల మధ్య తిరిగే రబ్బరు బెల్టు ద్వారా చక్రాలకు చేరుతుంది. టైరు పెద్దదైతే దాన్ని తిప్పడానికి బెల్టు మీద భారం పెరిగి, ముఖ్యంగా ఇసుకలో, అది జారి వేడెక్కి త్వరగా అరుగుతుంది. లిఫ్ట్ కిట్ వల్ల యాక్సిల్ కీళ్లు ఎక్కువ వంపులో తిరుగుతాయి; వాటి మీది రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి పోతుంది. బండి ఎత్తు పెరిగిన కొద్దీ గట్లు ఎక్కేటప్పుడు పక్కకు ఒరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. వీటికి తోడు మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, ఆయన వంగి అడుగున ఫ్రేమ్ తుప్పును తప్పక చూసి ఉంటారు.

మీటరు సంగతి కూడా ఉంది. టైరు చుట్టుకొలత 8 శాతం పెరిగింది కాబట్టి, మీటరు 2,500 కిలోమీటర్లు చూపితే బండి నిజంగా తిరిగింది దాదాపు 2,700. ఈ సంగతిని మీరే ముందు చెప్పడం మంచిది. అవతలివారు కనిపెడితే మిగతా మాటలు కూడా నమ్మరు. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు మీ బండికి ఉంటే దాన్ని చూపండి, దానికి టైర్లతో పని లేదు.

పాత టైర్లు, పాత సైలెన్సర్ మీ దగ్గర ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ధరంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఉంటే, పాకలో కోళ్లెక్కి కూర్చున్న టైర్లయినా సరే, పగుళ్లు లేకపోతే కడిగి బిగించండి. లిఫ్ట్ కిట్, సైలెన్సర్ విప్పి కొత్త టైర్లతో పాటు విడిగా అమ్మండి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి 2,90,000 అడగవచ్చు. వించ్ ఒక్కటే మినహాయింపు: తోటలో దుంగలు లాగడానికి పనికొస్తుంది కాబట్టి, తోట ఉన్న మరో రైతు దొరికితే దానికి కొంత ఎక్కువే ఇస్తారు. పాత భాగాలు లేకపోతే మాత్రం 2,75,000కు ఒప్పుకోండి.

మీ బండి తోటలోనే తిరిగి, రిజిస్ట్రేషన్ లేనిదైతే, ఆర్‌సీ బదిలీ ఉండదు. కొన్న బిల్లు, ఇంజను, ఛాసిస్ నంబర్లు రాసిన అమ్మకపు కాగితం, ఇద్దరు సాక్షుల సంతకాలు, అప్పు తీసుకుని ఉంటే అది తీరినట్టు పత్రం ఇవ్వండి. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు కాబట్టి, దాన్ని మినీ లారీలోనే పంపాలి; రోడ్డు మీద తిప్పుకోవచ్చని నోటిమాటగా కూడా హామీ ఇవ్వకండి.

ప్రశ్న: నా జీపుకు ముందు ఇనుప గార్డు, మార్చిన పైకప్పు ఉన్నాయి. ఇలాగే అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రిజిస్ట్రేషన్ ఉన్న బండి కాబట్టి మీ సంగతి వేరు. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే నిలబెట్టింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఇనుప గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గార్డు విప్పించి, పాత పైకప్పు వేయించాకే బేరం పెట్టండి. అమ్మాక 14 రోజుల్లో, బండి చేతులు మారినట్టు రవాణా కార్యాలయానికి తెలిపే ఫారం 29 ఇచ్చి, కొన్నవారి పేరుకు ఆర్‌సీ మారిందో లేదో మీరే చూసుకోండి. మారేదాకా ఆ జీపు ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న మీ మీదే ఉంటుంది.