పీరియడ్‌ను మరిచిపోకు తల్లీ

చి. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒక్కో వాలంటీరు కొత్త మందునూ పాత మందునూ రెండు విడతల్లో, అంటే రెండు పీరియడ్లలో, తీసుకునే క్రాసోవర్ అధ్యయనం విశ్లేషణ మొత్తం నీ చేతికే అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ కంటే తనే ఎక్కువ మురిసిపోతోంది. నేనూ తక్కువ తినలేదులే. కానీ టీమాక్స్‌కు (మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరే సమయానికి) నాన్‌పారామెట్రిక్ విశ్వాస అంతరం, అంటే డేటా ఫలానా ఆకారంలో ఉంటుందని ఊహించకుండా అసలు విలువ ఉండగల హద్దులు, లెక్కిస్తావని వినగానే నాకు నిద్ర పట్టలేదు. "నాన్‌పారామెట్రిక్ కదా, ఏ షరతులూ ఉండవు" అన్న ధీమా ఈ వృత్తిలో చాలామందిని ముంచింది.

నీకు తెలిసినవి ఒక్క మాటలో చెప్పేస్తాను. వాష్‌ఔట్, అంటే మొదటి మందు ఒంట్లోంచి పోయేందుకు రెండు పీరియడ్ల మధ్య ఇచ్చే విరామం, కనీసం ఐదు హాఫ్‌లైఫ్‌లు (రక్తంలో మందు సగానికి తగ్గే కాలానికి ఐదు రెట్లు) ఉందో లేదో చూడు. పద్ధతి ఏదో డేటా చూడకముందే ప్రోటోకాల్‌లో రాయించు. ఏయూసీ (ఒంటికి అందిన మొత్తం మందు), సీమాక్స్ (రక్తంలో మందు గరిష్ఠ స్థాయి)ల దగ్గరికి ఈ పద్ధతిని తీసుకెళ్లకు. అక్కడ లాగరిథమ్, ఏనోవా (వైవిధ్య విశ్లేషణ) తప్పవు. నాన్‌పారామెట్రిక్ విశ్లేషణ చెల్లదని యూరప్ మందుల ఏజెన్సీ 2010 మార్గదర్శకంలోనే ఉంది.

ఇక నా అసలు భయం. మాకు సీనియర్ ఒకాయన ఉండేవారు, మహా చురుకు. ఆయన ఒక నివేదికలో ప్రతి వాలంటీరుకూ కొత్త మందు టీమాక్స్‌లోంచి పాత మందు టీమాక్స్ తీసేసి, ఆ తేడాల మధ్యగతం చూసి, కొత్త మాత్ర అరగంట ముందే పని చేస్తుందని రాశారు. ఎవరు ఏ వరుసలో మందు తీసుకున్నారో చూడనే లేదు.

అందులో తప్పేమిటో కాగితం మీద వేసి చూడు. రెండు మందులూ అచ్చంగా ఒకటే అనుకో. ఏ కారణం చేతనో రెండో పీరియడ్‌లో అందరికీ టీమాక్స్ అరగంట ఆలస్యమైంది. మధ్యలో మానేసిన వాళ్లు పోగా, కొత్తది ముందు తీసుకున్నవాళ్లు 12 మంది, పాతది ముందు తీసుకున్నవాళ్లు 8 మంది మిగిలారు. మొదటి 12 మందికి తేడా మైనస్ అరగంట, తక్కిన 8 మందికి ప్లస్ అరగంట. మధ్యగతం మైనస్ అరగంట! మందుల్లో లేని తేడా పీరియడ్ నుంచి ఊడిపడింది. రెండు గుంపులూ సమానంగా ఉంటే మాత్రం గండం తప్పిందనుకోకు. అప్పుడు అంచనా నిలబడుతుంది గానీ, అంతరం అనవసరంగా ఉబ్బుతుంది.

ఇప్పుడు సరైన దారి. ప్రతి ఒక్కరికీ మొదటి పీరియడ్ విలువలోంచి రెండోది తీసెయ్యి. పై ఉదాహరణలో రెండు గుంపుల్లోనూ అందరికీ మైనస్ అరగంటే వస్తుంది. కొత్తది ముందు తీసుకున్న గుంపులో ఒకరి విలువలోంచి రెండో గుంపులో ఒకరిది తీస్తే సున్నా. పీరియడ్ తనంతట తానే రాలిపోయింది చూశావా?

గుంపుకు ఆరుగురు ఉంటే అలాంటి తేడాలు 36 వస్తాయి. వాటిని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చు. గుంపుల వరుసలు తిరగబడి ఉంటాయి కాబట్టి వాటిలో మందుల తేడా రెండింతలై కనిపిస్తుంది, అందుకే మధ్యగతంలో సగమే నీ అంచనా. ఇలాంటి అంచనా గణాంక శాస్త్రవేత్తలు హాడ్జెస్, లేమన్‌లు 1963లో చెప్పినది. 8వ తేడా, 29వ తేడా తీసుకొని వాటిని సగం చేస్తే అంతరం. దాని విశ్వాస స్థాయి 90.7 శాతం. కచ్చితంగా 90 రాలేదని కంగారుపడకు, ర్యాంకుల లెక్కలో స్థాయిలు మెట్లుమెట్లుగానే దొరుకుతాయి. జీవసమానత అధ్యయనాలకు (రెండు మందులూ ఒంట్లో ఒకేలా అందుతాయా అని చూసేవాటికి) ఈ పద్ధతిని గణాంక శాస్త్రవేత్త హౌష్కే బృందం 1990లో వివరించింది.

సగం చేయడం మరిచిపోతావని నాకు గట్టి అనుమానం. చిన్నప్పుడు కూడా లెక్కంతా చేసి చివరి గీత కింద వదిలేసేదానివి. గణాంకాల ప్యాకేజీ రెండు గుంపుల తేడానే ఇస్తుంది, నీ బదులు రెండుతో భాగించదు. పైగా రక్తం తీసిన వేళల్లోనే టీమాక్స్ పడుతుంది కాబట్టి సమాన విలువలు బోలెడు వస్తాయి. కచ్చితమైన లెక్క కుదరదని ఆర్ (R) సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. దాన్ని నొక్కేసి ముందుకు పోకు, ఏ ఉజ్జాయింపు వాడిందో నివేదికలో రాయి.

క్యారీఓవర్, అంటే మొదటి మందు ప్రభావం రెండో పీరియడ్‌లోకి మిగలడం, ఉందో లేదో ముందు పరీక్షించి, ఉంటే రెండో పీరియడ్ పారేద్దామని ఎవరైనా అంటే వినకు. గణాంక శాస్త్రవేత్త గ్రిజిల్ 1965లో చూపిన ఆ రెండంచెల పద్ధతి ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఇంకో గణాంక శాస్త్రవేత్త ఫ్రీమన్ 1989లో తేల్చేశాడు. క్యారీఓవర్‌కు మందు వాష్‌ఔటే.

ప్రోటోకాల్ ముసాయిదా సంతకాలకు వెళ్లకముందే నాకు పంపించు. ఎర్ర గీతలు పెడతాను, అలగకు. రాత్రుళ్లు మేల్కొని కోడ్ రాయకు, కళ్లు పాడవుతాయి.

ఇట్లు,
పెద్దమ్మ