కోర్సు పేరు అడిగిన మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం కదా, ఏ కోర్సులో చేరితే ఉద్యోగం వస్తుందని అడిగావు. కోర్సు పేరు చెప్పను. ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు చాలాకాలం కూర్చున్నవాణ్ని. సర్టిఫికెట్లు ఊరికే తిరగేసేవాళ్లం. ‘మీరు చేసిన పని ఏదైనా చూపించండి’ అంటే నోరు మెదపనివాళ్లే ఎక్కువ.

అందుకని ఒక్క పని మొదటినుంచి చివరిదాకా నువ్వే చెయ్యి. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలే తీసుకో. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్ల వారీగా రాబడి, అంటే అమ్మకానికి వచ్చిన సరుకు, క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ ధరలు దొరుకుతాయి. రెండు సీజన్ల వివరాలు ఎక్సెల్‌లోకి తెచ్చుకో. అసలు చదువు అప్పుడు మొదలవుతుంది. మార్కెట్ సెలవు రోజుకు ధర ఉండదు. ఆ ఖాళీని సున్నాగా లెక్కిస్తే సగటు కుప్పకూలుతుంది. తేజ రకం మిర్చి ధర వేరు, 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన మన చపాటా రకం ధర వేరు. రెండూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు. ఇవి సరిచేసి, ఎక్సెల్‌లో వివరాలను గుంపులుగా కూర్చి చూపే పివట్ టేబుల్ వేసి, రాబడి పెరిగిన వారాల్లో ధర ఎటు కదిలిందో ఒక పేజీలో రాయి. ఆ పేజీని ఆన్‌లైన్‌లో ఉంచి, లింకు రెజ్యూమెలో పెట్టు. ‘ఎంఎస్ ఆఫీస్ తెలుసు’ అనే వాక్యం ఇక అవసరం లేదు.

చాట్‌జీపీటీ వాడుకో, వద్దనను. ఫార్ములా అది రాసిచ్చినా, ఎందుకలా రాసిందో నువ్వు చెప్పగలగాలి. చెప్పలేని చోటే ఇంటర్వ్యూలో వేలు పెడతారు, నేనూ పెట్టేవాణ్ని.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. రంగులు, రెండు నిలువు వరుసలు వద్దు. కంపెనీల్లో రెజ్యూమెలను జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ వాటిని తప్పుగా చదవవచ్చు. ఇంగ్లిష్ భయమంటావా, నీ మిర్చి లెక్కల గురించే రోజూ రెండు నిమిషాలు ఫోనులో మాట్లాడి రికార్డు చేసుకొని విను. వినడం బాధగానే ఉంటుంది, అయినా విను.

కోర్సు చెయ్యాలనే ఉంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, పరీక్షకే రుసుము. మీ కాలేజీ రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లో నమోదై ఉందేమో అడుగు. మన పక్కనే మడికొండలో 2020లోనే ఐటీ కేంద్రాలు తెరుచుకున్నాయి, అక్కడా ప్రయత్నించు. ఉద్యోగమంటే అమీర్‌పేట హాస్టలే అనుకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు.

మరొకటి. ఇంట్లోంచే డేటా ఎంట్రీ, ముందు డిపాజిట్ కట్టాలి అని వాట్సాప్‌లో వస్తే అది మోసమే. జీతం ఇచ్చేవాడు నిన్ను డబ్బు అడగడు. ఒకవేళ పంపేసి ఉంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. నాన్న తిడతాడని దాచి ఆలస్యం చేయకు, బావతో నేను మాట్లాడతాను.

నీ మామయ్య