పిరమిడ్ ఎక్కే ముందు ఆ ఆయాసం సంగతి తేల్చుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. నా వయసు 61, మావారికి 66. ఆయన చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మాయా ప్రజల కట్టడాలు కళ్లారా చూడాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. మే నెలలో డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. జూలై చివర్లో పది రోజులు మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశం తీసుకెళతానంటున్నాడు. అంతిగ్వా, అతిత్లాన్ సరస్సు, తికాల్ చూసి, కుదిరితే ఒక రాత్రి అకతెనాంగో అగ్నిపర్వతం మీద టెంట్‌లో ఉండాలని ప్లాన్. మావారికి పన్నెండేళ్లుగా షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ కలిసిన మాత్ర, టెల్మిసార్టాన్-హెచ్ వాడుతున్నారు. అన్నీ కంట్రోల్‌లోనే ఉన్నాయి. ఈమధ్య మేడ మెట్లెక్కితే కాస్త ఆయాసపడుతున్నారు, వయసు కదా అనుకుంటున్నాం. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? కొండ ప్రాంతాల్లో ఎత్తు పడక జబ్బు చేయకుండా వేసే డైమాక్స్ ఎప్పటి నుంచి వేసుకోవాలి? తెలిసిన మెడికల్ షాపు అబ్బాయి అజిత్రోమైసిన్, ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్, ఎసిక్లోఫెనాక్, ప్రెడ్నిసొలోన్, డైమాక్స్ కట్టి ఇచ్చాడు. ఇవి సరిపోతాయా?

జవాబు: అమ్మా, టీకా గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ ఆయాసం సంగతి. ఉత్తరం మధ్యలో ఒక్క ముక్క రాసి, దాన్ని వయసు మీదకి నెట్టేశారు. 66 ఏళ్ల మనిషి, పన్నెండేళ్ల షుగర్, పైగా బీపీ. నిన్నమొన్నటి దాకా మామూలుగా ఎక్కిన మెట్లే ఇప్పుడు ఆయాసం తెప్పిస్తుంటే, పరీక్ష చేసి కాదని తేలేదాకా నేను గుండెనే అనుమానిస్తాను. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. నొప్పికి బదులు ఆయాసమో, చెమటలో, నీరసమో కనిపిస్తాయి. రక్తహీనత కావచ్చు, ఊపిరితిత్తులు కావచ్చు, చివరికి ఏమీ లేదని కూడా తేలవచ్చు. మనిషిని చూడకుండా ఇక్కడి నుంచి నేను చెప్పలేను.

అందుకే ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించండి. ఈసీజీ, టూడీ ఎకో, హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ బహుశా వాళ్లే రాస్తారు. ట్రెడ్‌మిల్ అవసరమా, ఇంకేదైనా చేయాలా అన్నది కూడా వాళ్లే తేలుస్తారు. ఒక్క ఈసీజీ నార్మల్ వచ్చిందని ఇంటికి వచ్చేయకండి. కదలకుండా పడుకోబెట్టి తీసిన ఈసీజీలో చాలామందికి ఏ తేడా కనబడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఛాతీ బరువుగా అనిపిస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, మాయావాళ్ల ప్రాచీన నగరం తికాల్ ఉన్నది పెటేన్ అడవుల్లో. అక్కడి పిరమిడ్ల మీద కట్టిన ఆలయాల్లో నాలుగోదాని ఎత్తు దాదాపు 65 మీటర్లు, మన లెక్కలో ఇరవై అంతస్తులు. శిఖరం దాకా వెళ్లకపోయినా చెక్కమెట్ల మీద ఎక్కాల్సింది తక్కువేం కాదు, అదీ జూలై ఉక్కపోతలో. మీ ఇంటి మేడకే ఆయాసం వస్తున్న మనిషిని అక్కడ నిలబెట్టి ఆలోచించండి. పెద్ద గుండె ఆస్పత్రి కావాలంటే రాజధాని గ్వాటెమాలా సిటీకి రావాలి. రోడ్డు మీద ఎనిమిది నుంచి పది గంటలు, దగ్గర్లోని ఫ్లోరెస్ పట్టణం నుంచి విమానం దొరికితే గంట. వెళ్లొద్దని అనడం లేదు. గుండె బాగానే ఉందని మీ డాక్టరు చెబితే నిక్షేపంగా వెళ్లండి. మొదటి ఆలయం ఎదురుగా ఉన్న పెద్ద ప్రాంగణంలో కూర్చుంటే మెట్లెక్కకుండానే చాలా కనబడుతుంది. లెక్చరర్ గారికి అక్కడే ఒక పూట చాలదు.

అకతెనాంగో మాత్రం వద్దు. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా నా సలహా ఇదే. శిఖరం 3,976 మీటర్లు, టెంట్లు వేసేది 3,600 మీటర్ల ప్రాంతంలో, నడక మొదలయ్యేది సుమారు 2,400 దగ్గర. ఒక్క పూటలో పన్నెండు వందల మీటర్లు పైకి, బూడిద జారే దారిలో, అదీ వానాకాలంలో. 2017 జనవరిలో ఆ కొండ మీద ఆరుగురు చలికి చనిపోయారు. వాళ్లు విదేశీయులు కూడా కాదు, ఆ దేశం వాళ్లే. పక్కనున్న ఫుయేగో పర్వతం నిప్పులు కక్కుతుంటే, మబ్బు లేని రాత్రి అంతిగ్వాలో మేడ మీద నుంచే కనబడుతుంది. అబ్బాయికి సరదా ఉంటే తను వెళ్లి రానివ్వండి.

దీంతో మీ డైమాక్స్ ప్రశ్న కూడా తీరిపోయింది. అంతిగ్వా, అతిత్లాన్ రెండూ 1,500 మీటర్ల పైచిలుకే, ఊటీ కంటే తక్కువ. ఊటీ వెళ్లేటప్పుడు డైమాక్స్ వేసుకున్నారా? పైగా అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. టెల్మిసార్టాన్-హెచ్‌లో ఆ ‘హెచ్’ చేసే పనీ అదే, డాపాగ్లిఫ్లోజిన్ కూడా మూత్రం పెంచేదే. ఇన్ని మందులు ఒకేసారి ఒంట్లో నీరు తోడేస్తే ఏం మిగులుతుంది?

ఇక ఆ మందుల మూట. ఇవి సరిపోతాయా అని అడిగారు. సరిపోవడం కాదు, ఎక్కువయ్యాయి. మెడికల్ షాపు అబ్బాయి మంచివాడే అయి ఉంటాడు, ఆయన క్రియాటినిన్ ఎంతో మాత్రం అతనికి తెలియదు. నాకూ తెలియదు, మీరు రాయలేదు. ఓఫ్లాక్సాసిన్ షుగర్ వాళ్లలో చక్కెరను ఒక్కసారిగా పడేయగలదు, పెంచేయనూ గలదు. ప్రెడ్నిసొలోన్ వేస్తే జ్వరం తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ దారి ఇన్ఫెక్షన్‌దే, షుగర్ మాత్రం మూడొందలు దాటిపోవచ్చు. అన్నిటికన్నా నాకు భయం ఎసిక్లోఫెనాక్. గ్వాటెమాలాలో 2024లో డెంగ్యూ కారణంగా ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మీరు వెళ్లేది వానాకాలం, అంటే దోమల కాలం. జ్వరం, ఒళ్లునొప్పులు అని ఈ నొప్పి మాత్ర మింగితే, అది డెంగ్యూ అయిన పక్షంలో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. నా దగ్గరికి ఒకాయన విదేశీ టూర్ నుంచి నేరుగా వచ్చాడు. హోటల్ గదిలో ఐదు రోజులు పూటకొకటి చొప్పున నొప్పి మాత్ర వేసుకున్నాడట. జేబులోంచి ఖాళీ స్ట్రిప్ తీసి, ‘ఇది అయిపోయింది సార్, ఇంకోటి రాస్తారా’ అన్నాడు. విరేచనం నల్లగా అవుతోందన్న మాట నేను అడిగితే గానీ చెప్పలేదు. అంటే లోపల రక్తం పోతున్నట్టే. అడ్మిట్ చేయాల్సి వచ్చింది.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఉంచండి. అది కూడా మోతాదు మీ డాక్టరుతో రాయించుకుని. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది, థర్మామీటరు, గ్లూకోమీటరు పెట్టుకోండి. విరేచనాలకు యాంటీబయోటిక్ తీసుకెళ్లాలా వద్దా, తీసుకెళితే ఎప్పుడు వేసుకోవాలి అన్నది మీ డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. జ్వరమో, విరేచనంలో రక్తమో ఉంటే మాత్రల కోసం సంచి వెతకొద్దు, అక్కడి డాక్టరుకి చూపించండి.

ఆయన వేసుకునే రోజువారీ మందుల్లోనే ఇంకో మెలిక ఉంది, ఇది మీరు అడగలేదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేకపోతున్నప్పుడు డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్-హెచ్ ఇవే కిడ్నీకి, ప్రాణానికి ముప్పు కావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారిలో గ్లూకోమీటరు 180 చూపిస్తున్నప్పుడు కూడా రక్తంలో కీటోన్లు అనే ప్రమాదకరమైన ఆమ్లాలు పేరుకుపోయే అవకాశం ఉంది. షుగర్ బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు. అలాంటి రోజున ఏది ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అని బయల్దేరక ముందే మీ డాక్టరుని అడిగి రాయించుకోండి. ఇది చదివి ఇప్పుడే మాత్రలు ఆపేయకండి. ఆరోగ్యంగా తిరుగుతున్నన్నాళ్లూ అవి ఆయనకు అవసరం. చీటీ మీద కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు ఉండాలి, మన బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు.

ఎల్లో ఫీవర్. గ్వాటెమాలాలో ఆ జబ్బు ముప్పు లేదు. ఇండియా నుంచో, అమెరికా నుంచో నేరుగా వెళ్లేవాళ్లకు టీకా అక్కర్లేదు. పనామా, కొలంబియా వంటి దేశాల మీదుగా టికెట్ తీసుకుంటే మాత్రం సర్టిఫికెట్ అడగవచ్చు. 60 దాటినవాళ్లకు ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కొంచెం ఎక్కువ. కాబట్టి టికెట్ దారి మార్చుకోవడమే తేలిక. అబ్బాయితో చెప్పి హ్యూస్టన్ నుంచో ఎక్కడి నుంచో నేరుగా వెళ్లే విమానం చూడమనండి. టైఫాయిడ్, హెపటైటిస్-ఏ టీకాల గురించి మాత్రం అడగండి, ఎవరూ అడగరు వాటిని. మలేరియా అంతిగ్వా, అతిత్లాన్ వైపు లేదు, పెటేన్‌లో కొద్దిగా ఉంది. మాత్రలు కావాలా అన్నది మీ డాక్టరు నిర్ణయం. ఒంటికి దోమల క్రీము, పొడుగు చేతుల చొక్కా ఎలాగూ తప్పవు.

నీళ్లు సీసావే తాగండి, అక్కడ ‘ఆగ్వా పురా’ అంటారు. ఐస్ వద్దు. వీధిలో కోసి నిమ్మకాయ పిండి ఇచ్చే పచ్చిమామిడి ముక్కలు చూస్తే మీకు నోరూరుతుంది, వద్దు. వేడివేడి మొక్కజొన్న తోర్తియా, నల్ల చిక్కుడుగింజలు క్షేమమే. కానీ తోర్తియాలు నాలుగు తిని పైన వేయించిన అరటి ముక్కలు లాగిస్తే షుగర్ ఊరుకోదు. అంతిగ్వా వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ల పరుపు. కొత్త బూట్లు కొనకండి, అలవాటైనవి వేసుకుని, రాత్రి పూట అరికాళ్లు మీరే చూడండి. సరస్సు దగ్గర ‘తెమస్కాల్’ అని మాయావాళ్ల ఆవిరి స్నానం చేయిస్తామంటారు. సంప్రదాయం గొప్పదే, బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు మాత్రం కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది, దూరంగా ఉండండి.

అక్కడ అంబులెన్స్ ఎక్కువగా అగ్నిమాపక దళం వాళ్లే నడుపుతారు, నంబరు 122. అమెరికాలో తల్లిదండ్రులకు తీసుకునే ఇన్సూరెన్స్ గ్వాటెమాలాలో పనిచేస్తుందా, ముందు నుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా అన్నది అబ్బాయిని పాలసీ తీసి చదవమనండి. ‘ఉంటుందిలే’ అంటే ఒప్పుకోకండి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే, నెలలు గడిచిన తర్వాతైనా సరే, గ్వాటెమాలా వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటే చెప్పండి. అక్కడ ఎక్కువగా ఉండే వైవాక్స్ రకం మలేరియా లివర్‌లో దాక్కుని ఆలస్యంగా బయటపడగలదు.

ఇంకొక మాట, బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. ఇంత పెద్ద ఉత్తరంలో మీ గురించి వయసు తప్ప ఇంకేం రాయలేదు. ఆయనను ఈసీజీకి తీసుకెళ్లిన రోజున మీరు కూడా బీపీ, షుగర్ చూపించుకోండి.