స్ట్రీట్ ఫైటర్ నేర్చుకుంటున్న మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాయగడలో నీ స్నేహితులతో కలిసి ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే పాత వీడియో గేమ్ స్ట్రీట్ ఫైటర్ 2 మొదలుపెట్టావని అక్క ఫోన్‌లో చెప్పింది. రోజూ ఓడిపోయి మొహం మాడ్చుకుంటున్నావట, కాంబోల (దెబ్బ వెంట దెబ్బ గొలుసుగా కొట్టడం) వీడియోలు పెట్టుకుని రాత్రి దాకా బటన్లు కొడుతున్నావట. ముందు ఆ వీడియోలు కట్టెయ్యి. ఎదుటివాడు ఇప్పుడేం చెయ్యబోతున్నాడో కనిపెట్టినవాడే ఈ ఆటలో నెగ్గుతాడు. చేతివేగం ఆ తర్వాతి మాట.

నిజానికి ఆ కాంబోలు తయారుచేసినవాళ్ళు కావాలని పెట్టినవి కూడా కావు. కారు పగలగొట్టే బోనస్ రౌండ్‌ని సరిచూస్తున్నప్పుడు, దెబ్బ మీద దెబ్బ ఆగకుండా పడటం ఆట తయారుచేసిన క్యాప్‌కామ్ కంపెనీ ప్రొడ్యూసర్ ఫునమిజు కంటపడింది. పోనీలే, ఉండనిద్దాం అని వదిలేశారు. ఆట మాత్రం అవి లేకపోయినా నిలబడేలాగే కట్టారు.

నువ్వు ఆటలో ర్యూ అనే ఫైటర్‌ని పట్టుకో, మిగతావాళ్ళ జోలికి ఇప్పుడే పోకు. దూరంగా ఉన్నవాడికి ఫైర్‌బాల్, మీదికి దూకేవాడికి షోర్యుకెన్, అంటే పైకి ఎగురుతూ కొట్టే గుద్దు. ఈ రెండూ తడుముకోకుండా రావాలి. ఫైర్‌బాల్‌కి స్టిక్ కిందికి, అక్కణ్ణించి కింద ముందు మూలకి, తర్వాత ముందుకి జారాలి. ముందుకి చేరేసరికి పంచ్ పడాలి. షోర్యుకెన్‌కి ముందుకి, కిందికి, మళ్ళీ ముందు మూలకి. స్టిక్‌ని పిడికిట్లో బిగిస్తే ఆ మూల తప్పిపోతుంది. వేళ్ళతో వదులుగా పట్టుకుని మణికట్టు తిరగనీ. తెరకి రెండు పక్కలా నిలబడి సాధన చెయ్యి. ఎడమవైపు గడగడా వచ్చేది కుడివైపుకి మారగానే రాకుండా పోతుంది, చూసుకో.

చిన్న పంచ్‌తో వేసిన ఫైర్‌బాల్ మెల్లగా పోతుంది, పెద్ద పంచ్‌తో వేసింది దూసుకుపోతుంది. నీది ఒకటి తెర మీద ఉండగా రెండోది రాదు. చాలామంది ఎప్పుడూ పెద్ద పంచే కొడతారు. నువ్వు మెల్లగా పోయేది వదిలి దాని వెనకాలే నడుచుకుంటూ వెళ్ళు. వాడు దాన్ని అడ్డుకుంటూ కూర్చున్నాడా, నువ్వు దగ్గరికి చేరి ఎత్తి కుదేస్తావు. ఓపిక చచ్చి దూకాడా, గాల్లోనే షోర్యుకెన్. ఇంకొకటి: వరసగా రెండు మూడు వేసి, తర్వాతది వెయ్యకుండా ఊరికే నిలబడు. వస్తుందనుకుని వాడే దూకుతాడు. ఇలా ఆగగలిగినవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మా రోజుల్లో పాత బస్టాండు వైపు ఒక సందులో గేమ్ షాపు ఉండేది. ఒడియా కుర్రాళ్ళు, మనవాళ్ళు, సినిమాకని ఇచ్ఛాపురం నుంచి వచ్చి అక్కడే తేలినవాళ్ళు, అందరూ ఒకే మెషీన్ చుట్టూ. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే లోపల కాలు పెట్టే చోటుండేది కాదు. ఓడినవాడు తప్పుకోవాలి, మళ్ళీ ఆడాలంటే ఇంకో బిళ్ల కొనాలి. జేబులో చిల్లర కొద్దిగా ఉన్నప్పుడు ఎవడూ ఊరికే గెంతడు! అక్కడ గైల్ అనే ఇంకో ఫైటర్‌తో ఆడే కాలేజీ అబ్బాయి ఒకడుండేవాడు. స్టిక్‌ని కింద వెనక మూలకి నొక్కిపెట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండేవాడు. అలా నొక్కిపెడితేనే గైల్‌కి దూరంనుంచి విసిరే సోనిక్ బూమ్ వస్తుంది, దూకినవాణ్ణి కొట్టే ఫ్లాష్ కిక్ వస్తుంది. వాడి మీదికి దూకినవాళ్ళందరూ నేలకరిచేవాళ్ళు. కాస్త చూస్తే తెలిసేది ఏమిటంటే, వాడు ఒక్క అడుగు ముందుకి వేశాడంటే ఆ నొక్కు పోయినట్టే, ఆ క్షణంలో వాడి దగ్గర ఆ రెండూ లేవు. అప్పుడే దూకాలి. అందుకని నీ ఆటగాణ్ణి వదిలేసి ఎదుటివాణ్ణి చూస్తూ ఆడు.

కంప్యూటర్‌తో ఆడి నేర్చుకుందామనుకోకు. అది గైల్‌ని ముందుకి నడిపిస్తూనే సోనిక్ బూమ్ వేసేస్తుంది, మనిషికి సాధ్యం కాని పని. దానితో ఆడితే లేనిపోని అలవాట్లు పడతాయి.

ఏ వెర్షన్ అంటావా, నా ఓటు 1992లో వచ్చిన ఛాంపియన్ ఎడిషన్‌కే. 1991 నాటి మొదటిదాంట్లో మనం ఎంచుకోడానికి ఎనిమిదిమందే, ఇద్దరూ ర్యూని తీసుకోడానికి లేదు. ఛాంపియన్‌లో అంతకుముందు కంప్యూటరే ఆడించే చివరి నలుగురు బాస్‌లూ మన చేతికొచ్చారు, ర్యూ మీద ర్యూ ఆడొచ్చు. అలా ఆడినప్పుడు సాకులు చెప్పడానికి ఏమీ మిగలదు. గాల్లోంచి ఫైర్‌బాల్‌లు కురిసే రెయిన్‌బో అనే దొంగ వెర్షన్ జోలికి వెళ్ళకు. స్టార్ట్ నొక్కితే ఆట మధ్యలో మనిషే మారిపోతాడు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది, ఆలోచించడానికి మాత్రం సందివ్వదు. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 అనే ఇంకో ఫైటింగ్ గేమ్ అంటే నాకు ప్రాణం, కానీ అందులో ముగ్గురి జట్టు, పరుగు, దొర్లడం, పొట్టి గెంతులు అన్నీ ఒకేసారి మీదపడతాయి. ర్యూతో దూరం కొలవడం వచ్చాక దానికి రా. టెక్కెన్ 3 సంగతి వేరే, అది ఇంకో ఉత్తరం.

వేళ్ళు చురుగ్గా లేవని దిగులుపడకు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5లో బంగారు పతకం కొట్టిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకి అప్పుడు 44 ఏళ్ళు.

ఆన్‌లైన్‌లో పదిమందితో ఒక్కొక్క ఆట ఆడేకంటే, నీ గదిలోవాణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడితోనే పది ఆటలు ఆడు. మూడో ఆటకి వాడి అలవాటు దొరుకుతుంది, ఆరో ఆటకి నీది వాడికి దొరుకుతుంది. అక్కణ్ణించి మజా మొదలు. ఓడిన ఆటల్లో ఏ దెబ్బ ఎక్కువసార్లు తగులుతోందో కాగితం మీద రాసుకుని నాకు పంపు. దేనికి ఏది విరుగుడో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ మావయ్య