విశాఖ జిల్లా ప్రభుత్వ పాఠశాలల పదో తరగతి ఫలితాల పోలిక: సమాధానం

విశాఖ జిల్లా ప్రభుత్వ బడుల పదో తరగతి ఫలితాలను ఏడాదివారీగా పోలుస్తూ మీరు తయారుచేసిన పట్టికలో 2021 తర్వాత జిల్లా ఉత్తీర్ణత ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపించడానికి ముఖ్య కారణం, కోవిడ్ వల్ల 2020, 2021లలో పరీక్షలు రద్దయి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించడమే. ఆ రెండేళ్లను తీసివేయండి.

1. చాలామంది వదిలేసేది ఇది: 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విశాఖ నుంచి వేరయ్యాయి. కాబట్టి పాత జాబితాల్లోంచి నర్సీపట్నం, చోడవరం, పాడేరు, అరకు బడులను తొలగించి, భీమునిపట్నం, ఆనందపురం, పద్మనాభం వంటి నేటి విశాఖ జిల్లా మండలాల బడులనే ఉంచితేనే పోలిక నిలుస్తుంది.

2. ‘జడ్పీ హైస్కూల్’ ఊరూరా ఉంటుంది కనుక, ఫలితాలకు బడి వనరుల వివరాలు జతచేసేటప్పుడు 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) సరిచూడండి.

3. శాతం పక్కన పరీక్ష రాసినవారి సంఖ్య వేయండి. పదిమందే రాసిన బడిలో ఒక్కరు తప్పినా 10 శాతం తగ్గుతుంది.